రోడ్డు పక్కన మా అవ్వ

"అవ్వా, చెప్పులు గాన్నే ఇడువున్రి. అమ్మవారున్నది" అన్నాడు వెంచర్ మేనేజరు. మర్యాద తెలిసిన మనిషి. మా కారు ఆగగానే ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్లమనుకుని చల్లటి నీళ్ల సీసాలు తెప్పించాడు, పెద్దావిడ ఎండలో నిలబడకూడదని కుర్చీ వేయించాడు. మా అవ్వ కుర్చీలో కూర్చోలేదు, చెప్పులూ విడవలేదు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎదురుగా రెండంతస్తుల ఎత్తున ఒక కాలు మడిచి ఒక కాలు చాపి కూర్చున్న సిమెంటు ఆడమనిషిని పాదాల నుంచి కొప్పు దాకా చూసింది. చూసి, "నా ముందటికి నేనే చెప్పులిడిసి రావాల్నా?" అంది.

ఆయన నవ్వి నా వైపు చూశాడు, వయసు మీదపడ్డవాళ్లు ఏదో ఒకటి అంటూనే ఉంటారులే అన్నట్టు. నాకు ఒళ్లు మండింది. నా ఒళ్లు మండటానికి పెద్ద కారణం అక్కర్లేదని మా ఇంట్లో అందరూ అంటారు గానీ ఆ రోజు కారణం ఉంది. బొమ్మ చుట్టూ వెదురు పరంజి కట్టి ఉంది. పైన, సరిగ్గా చెంప దగ్గర, ఒక మేస్త్రి కూర్చుని గిన్నెలో పుట్టీ కలుపుకుంటున్నాడు. "శుక్రారం వరకు మొకం నున్నగైతది మేడం. మొకం నిండ గుంతలే, వానలకు కరాబైంది. గవన్ని నింపి, రంగేసి, ఇంక రెండు చేతులు గూడ పెట్టిస్తున్నం" అని మేనేజరు సంబరంగా చెప్పాడు. అవి వానలకు పడిన గుంతలు కావు. మా అవ్వ మొహం మీది స్ఫోటకం మచ్చలు. మా బాపు తన చేత్తో పెట్టినవి. వాటిని పెట్టినందుకు, పెట్టినవాటిని పోనివ్వనందుకు మా ఇంట్లో ఎంత యుద్ధం జరిగిందో ఆ మేనేజరుకు తెలియదు. ఇది చదివేవాళ్లకైనా తెలియాలని రాస్తున్నాను.

సిద్దిపేట వైపు మేం కన్నతల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. మా బాపు మేస్త్రి. ఇళ్లు కట్టేవాడు, నీళ్ల ట్యాంకులు కట్టేవాడు, ఎవరైనా ముచ్చటపడి అడిగితే దర్వాజా మీద నెమళ్లనూ సింహాలనూ సిమెంటుతో తీర్చేవాడు. అవ్వ బీడీలు చేసేది. మా గల్లీలో బీడీలు చెయ్యని ఇల్లు లేదు కాబట్టి తంబాకు వాసన లేని ఇల్లూ లేదు. మా అన్నంలో ఆ వాసన, మా పుస్తకాల సంచిలో ఆ వాసన, పండక్కి కొన్న కొత్త లంగాకు కూడా తెల్లారేసరికి అదే వాసన. సాయంత్రం తునికాకు కట్టలు నీళ్లలో ముంచి తడి గోనెసంచిలో చుట్టి మూలకు పెట్టేది అవ్వ. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, జొన్న గటక పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోపు ఇనుప రేకు కొలతగా పెట్టుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టేది. ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుందంటే ఇక చేతులు వాటి పాటికి అవి పోయేవి. ఆకు చుట్టడం, దారం వెయ్యడం, మూతి మలవడం. మాకు ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ చేసేది, పక్కింటావిడతో కొట్లాడుతూ చేసేది, రేడియోలో వార్తలు చదివేవాళ్లకు ఎదురు జవాబులు చెబుతూ చేసేది. బాపు పనిలోంచి వచ్చి స్నానం చేసి, సిమెంటుకు పగిలిన చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ ఆమె ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. ఆయన ఆమెను చూస్తూ కూర్చునేవాడు, అంతే.

అవ్వకు చిన్నప్పుడు తల్లి పోసింది. స్ఫోటకం అనే మాట నాకు పుస్తకాల్లో దొరికింది గానీ ఇంట్లో ఎప్పుడూ తల్లి పోయడమే. ఆమె బతికి బయటపడింది, మచ్చలు మిగిలాయి. నుదురు, చెంపలు, ముక్కు కొన, గడ్డం, ఎక్కడా ఖాళీ లేదు. పుట్టినప్పటి నుంచీ నేనెరిగిన మొహం అదే కాబట్టి నాకు అది వింతగా తోచేది కాదు, మిగతావాళ్ల అమ్మలకు అవి ఎందుకు లేవా అనుకునేదాన్ని. ఒకసారి బాపు మమ్మల్ని బజారులో స్టూడియోకు తీసుకుపోయి ఫోటో తీయించాడు. కొన్నాళ్లకు ఫోటో ఇంటికొచ్చింది. వెనక తాజ్‌మహల్ తెర, భుజం మీద తువ్వాలతో బాపు, మధ్యలో బిగదీసి వేసిన రెండు జడలతో నేను, పక్కన ఎవరో నున్నటి చెంపల ఆవిడ. స్టూడియో ఆయన మంచి మనసుతోనే నెగెటివ్ మీద పెన్సిలు పెట్టి మచ్చలన్నీ మాయం చేశాడు. చేసి, అడక్కపోయినా మంచిగ చేసిన అని బాపుతో గొప్పగా చెప్పుకున్నాడట. అవ్వ ఫోటోను చేతిలోకి తీసుకుని "గీమె ఎవరు?" అని అడిగింది. బాపు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "మీకు గీమెతోని ఫోటో ఉన్నది. నాకు మీతోని ఫోటో లేకపాయె" అని దాన్ని బట్టల పెట్టె అడుగున పడేసింది. మా ఇంటి గోడకు ఆ ఫోటో ఎన్నడూ ఎక్కలేదు.

ఆ రోజుల్లోనే ఒక సేటు ఊరి బయట హైదరాబాద్ రోడ్డు మీద హోటల్ పెట్టాడు. పక్కన చాలా ఖాళీ జాగ ఉంది. వేములవాడకు పోయే జనంతో బస్సులూ జీపులూ తన హోటల్ ముందు నుంచే పోతున్నాయి గానీ ఆగడం లేదని ఆయన దిగులు. వాటిని ఆపడానికి పెద్ద పెద్ద బొమ్మలు కట్టించాలని బుద్ధి పుట్టి బాపును పిలిపించాడు. ఏనుగు కావాలన్నాడు, పులి కావాలన్నాడు. బాపు ఏనుగును ఒప్పుకున్నాడు గానీ పులిని కట్టనన్నాడు. "పులిని నేను సూడలె సేటు. సూడందాన్ని ఎట్ల కడ్త?" అన్నాడు. "మరి ఏనుగునెక్కడ సూసినవయ్యా?" అంటే "సర్కస్ల సూసిన. నేను పోయిన దినం పులి పండుకోని లేవనే లేదు" అన్నాడు. సేటు కడుపుబ్బ నవ్వి, నీకు తెలిసినవే కట్టుకో పొమ్మన్నాడు. అట్లా ఏనుగు పక్కన ఎద్దు, ఎద్దు పక్కన మోకు వేసుకుని తాడిచెట్టెక్కుతున్న గీతగాడు, ఆయన పక్కన మగ్గం మీద దుబ్బాక నేతగాడు లేచారు. ఇనుప సలాకలు వంచి, సన్న తీగల కోడిజాలి చుట్టి, లోపల ఇటుక ముక్కలు నింపి, పైన సిమెంటు. పూత పగలకుండా గోనెసంచులు కప్పి పొద్దునా మాపూ నీళ్లు కొట్టాలి. బస్సుల్లో పోయేవాళ్లు ఏనుగుకు స్నానం చేయిస్తున్నారని కిటికీల్లోంచి తలలు బయటపెట్టి కేకలు వేసేవాళ్లు. పోయేటప్పుడు కేకలు వేసినవాళ్లు వచ్చేటప్పుడు ఆగి చాయ్ తాగేవాళ్లు. సేటు పట్టరాని సంతోషంలో ఉన్నాడు. చివరికి, "ఒక ఆడామె బొమ్మ గూడ ఉండాలె. బిందె వట్టుకోని సక్కగ నిలవడాలె" అన్నాడు. బాపు కాసేపు ఆలోచించి, "ఆడామెను కడ్త సేటు. గని నిలవడది. కూసుంటది. బీడీలు చేస్తది" అన్నాడు.

ఎండాకాలం సెలవుల్లో ఆ బొమ్మ పని సాగింది. అవ్వ కూడా చాట, తంబాకు, తడి ఆకు మూటగట్టుకుని వచ్చి హోటల్ వెనక పందిరి కింద తన బీడీలు తాను చేసుకునేది. ఇంట్లో కంటే అక్కడ గాలి బాగా వస్తుందని ఆమె అనేది. మొహం పని వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. కళ్లు, ముక్కు, పెదాలు అయ్యాయి. తాపీతో నున్నగా మెరుగు పెట్టి బాపు కిందికి దిగి దూరంగా పోయి నిలబడ్డాడు. నాకు బాగానే కనిపించింది. సేటుకూ బాగానే కనిపించింది. బాపుకే నచ్చలేదు. "మల్ల ఫోటోల ఉన్నామెనే అయింది" అన్నాడు. హోటల్ వంటింట్లోకి పోయి దోసెడు చింతగింజలు తెచ్చుకుని మళ్లీ ఎక్కాడు. సిమెంటు ఆరకముందే ఒక్కో గింజను ఒత్తి, బయటికి తీసి, పక్కన ఇంకోటి ఒత్తి, అట్లా నుదుటి నుంచి గడ్డం దాకా వచ్చాడు. ఎక్కడ దగ్గర దగ్గరగా ఉండాలో, ఎక్కడ ఎడంగా ఉండాలో, ఏ రెండు ఒకదానిలో ఒకటి కలిసిపోవాలో ఆయనకు తడుముకోవలసిన పని లేకపోయింది. అవ్వ పందిరి కింద తల వంచుకుని పని చేసుకుంటూనే ఉంది. బాపు ఒక్కసారి కూడా ఆమె వైపు తిరిగి చూడలేదు. నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ మొహం ఆయనకు కంఠతా వచ్చు. సాయంత్రాలు గోడకు ఆనుకుని కూర్చుని ఆయన చదివింది అదే. దిగి వచ్చి అవ్వను పిలిచాడు. ఆమె చేతులు దులుపుకుని వచ్చి చాలాసేపు చూసి, "అవ్, గిది నేనే" అంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ హోటల్లో కూర్చుని చాయ్ తాగారు. నా జీవితంలో ప్రేమ గురించి చాలా విన్నాను, చాలా చదివాను, కొంత రాశాను కూడా. ఆ చింతగింజలను మించింది నాకు ఇప్పటికీ తారసపడలేదు.

గొడవ మా మేనమామతో మొదలైంది. అవ్వకు అన్న, మా అందరికీ పెద్ద దిక్కు. తొగుట దగ్గర పల్లె నుంచి నెలకో రెండు నెలలకో వచ్చేవాడు. ఎండా వానా లేని రోజుల్లో కూడా చంకలో గొడుగుండేది. మాట్లాడేటప్పుడు ఆ గొడుగు కొనను నేలకు పొడుస్తూ మాట్లాడేవాడు, ఆయన వచ్చి వెళితే మా మట్టి వాకిలి నిండా బొక్కలే. సిద్దిపేట వస్తూ బస్సులోంచి బొమ్మను చూసి అక్కడే దిగిపోయి, మిగతా తోవంతా నడిచి ఇంటికొచ్చాడు. చెంబుతో నీళ్లిస్తే తీసుకోలేదు. "బతికున్న మనిషికి బొమ్మ పెడ్తరా బావా?" అని గొడుగు పొడిచాడు. మా వైపు అది చిన్న మాట కాదు. ఫోటోకు దండ వేసేది పోయినవాళ్లకు, బొమ్మ నిలబెట్టేది పోయినవాళ్లకు. మనిషి బతికుండగా ఆ రూపాన్ని రాతిలోనో సిమెంటులోనో నిలిపితే ఆయుష్షు అందులోకి దిగిపోతుందని నమ్మకం. మామ చెడ్డవాడు కాదు. చెల్లెలికి తల్లి పోసినప్పుడు ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా వేపమండ పట్టుకుని పక్కన కూర్చున్నది ఆయనే. ఆమె ఈసారి దక్కకుండా పోతుందేమోనని ఆయనకు నిజంగా భయం.

"మొకం ఒక్కటి తీసెయ్యి బావా. కాళ్లు చేతులు, పెయ్యంత ఉండనియ్యి. వేరే మొకం పెట్టు, మచ్చలు లేకుంట పెట్టు. గప్పుడు గది మా చెల్లె గాదు, ఎవ్వలు గాదు" అన్నాడు. బాపు తలొంచుకున్నాడు. పెద్దబావమరిదికి ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు. అవ్వ చాట పక్కకు పెట్టింది. ఆమె చాట పక్కకు పెట్టిందంటే మేమంతా సర్దుకుని కూర్చునేవాళ్లం. "అన్నా, నా మొకం నా లెక్క ఉన్నది గా ఒక్క జాగలనే. గాడ గూడ లేకుంట చేస్తవా?" అంది. "సస్తవే చెల్లె!" అని మామ మళ్లీ గొడుగు పొడిచాడు. "సస్తె సస్త. అందరు సస్తరు. నువ్వు గొడుగు పక్కకు వెట్టి అన్నం తిను" అంది అవ్వ.

మామ ఊరుకున్నాడు గానీ మాట ఊరుకోలేదు. గల్లీలో పాకింది, బీడీల కార్ఖానాలో పాకింది. అవ్వ తుమ్మితే బొమ్మ, దగ్గితే బొమ్మ, కాలికి ముల్లు గుచ్చుకుంటే బొమ్మ. ఆకు మంచిది రాకపోయినా బొమ్మ వల్లే అన్న మహాతల్లులు ఉన్నారు. బళ్లో పిల్లలు నన్ను 'రోడ్డు మీది రాకాసి బిడ్డ' అని పిలిచేవాళ్లు. నేను ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చే రకం కాదు. అన్నవాళ్లే ఏడ్చుకుంటూ ఇంటికి పోయేవాళ్లు. పంతులు పిలిచి అడిగితే "మా అవ్వ రాకాసి గాదు సార్, రెండంతస్తులు ఉంటది, అంతే" అని చెప్పాను. ఆ ముక్క ఇంట్లో తెలిసినప్పుడు అవ్వ నవ్విన నవ్వు నాకు ఇంకా చెవుల్లో ఉంది.

అంతలో వానలు మొదలయ్యాయి, అవ్వకు జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నారు, సర్కారు దవాఖానలో పడుకోబెట్టారు. ఆ ఏడు మా గల్లీలో ఇంటింటా టైఫాయిడే. మిగతావాళ్లకు నీళ్ల వల్ల వచ్చిన జ్వరం మా అవ్వకు మాత్రం బొమ్మ వల్ల వచ్చిందని అందరూ తేల్చేశారు. మామ ఊరి నుంచి వచ్చి బాపు పక్కనే కూర్చున్నాడు. ఈసారి గొడుగు పొడవలేదు, ఏడ్చాడు. బాపు రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు పొద్దున దవాఖాన వరండాలో ఆయన కనిపించలేదు. మా పక్కింటావిడ గిన్నెలో అంబలి తెచ్చి, అవ్వకు మంచి మాట చెప్పాలనే ఉద్దేశంతోనే, పేరు పెట్టి పిలిచి, "ఇగ నీకేం గాదు నర్సా. మీ ఆయిన ఉలి సుత్తె వట్కోని పోయిండు. ఇయ్యాల మొకం తీసేస్తుండు" అంది.

అవ్వ లేచి కూర్చుంది. చేతికున్న సెలైను సూది తనే పీకేసుకుంది. డ్యూటీలో ఉన్న నర్సు అరుస్తూ వెంటబడింది, అవ్వ ఆగలేదు. నా భుజం పట్టుకుని బస్టాండుకు నడిచింది. ఆ చేతి వేడి నా జాకెట్టులోంచి తగలడం నాకు తెలుస్తోంది. బస్సులో జనం లేచి సీటిచ్చారు. హోటల్ దగ్గర దిగేసరికి బాపు నిచ్చెన మీద ఉన్నాడు, ఉలి గడ్డం కింద ఆనించి ఉంది. ఇంకా దెబ్బ వేయలేదు. ఎంతసేపటి నుంచి అట్లా నిలబడ్డాడో, చెయ్యి ఆడక. కింద మామ రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. చాయ్ గ్లాసులు పట్టుకుని హోటల్లో జనమంతా బయటికొచ్చారు. అవ్వ నిచ్చెన కాలు పట్టుకుని "దిగు" అంది.

"నర్సా, నీ పానం పోతదే" అన్నాడు బాపు పైనుంచి.

"నా పానం సంగతి నేను సూస్కుంట. దిగుతవా, నన్నెక్కి రమ్మంటవా?"

బాపు దిగాడు. దిగి, నిచ్చెన మొదట్లోనే కూలబడి ఏడ్చాడు. అవ్వ మామ వైపు తిరిగింది. "అన్నా, గీ బొమ్మతోని సస్తనో బతుకుతనో నాకు తెల్వది. గని గా మచ్చలు తీసేస్తె నేను మల్ల గా ఫోటోల ఆడిదాన్నైత. గట్ల నేను బతుకను" అంది. ఆ మాట అన్నాక ఆమెకు నిలబడే శక్తి అయిపోయింది. బొమ్మ అరుగు మీద కూర్చుండిపోయి "సేటు, తాగెటందుకు ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. సేటు తానే పాలు వేడి చేసి తెచ్చాడు, తన జీపులోనే మళ్లీ దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరు మా అందరినీ వరసగా నిలబెట్టి తిట్టాడు. అవ్వ బతికింది. ఆ గల్లీలో మిగతావాళ్లంతా బతికినట్టే, మందులతో, బార్లీ నీళ్లతో బతికింది. కానీ ఏ ఒక్కరూ వచ్చి 'మేం పొరబడ్డాం' అనలేదు. ఇప్పటికీ నా కోపం అదే. భయపెట్టడానికి అందరికీ నోరుంటుంది, భయం వట్టిదని తేలాక చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. ఒక్క మామ మాత్రం చాలా ఏళ్ల తర్వాత, తాను మంచం పట్టినప్పుడు, చూడటానికి పోయిన అవ్వను చూసి "ఇంక ఉన్నవానే!" అని నవ్వాడు. ఆయన పోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది అవ్వే.

తర్వాత రోడ్డు మారిపోయింది. కొత్తగా వేసిన వెడల్పాటి దారి హోటల్‌ను తప్పించి అవతలి నుంచి పోయింది. బస్సులు రావడం మానేశాయి, సేటు హోటల్ మూసి కొడుకుల దగ్గరికి పోయాడు. బొమ్మల చుట్టూ సర్కారు తుమ్మలు లేచాయి. బాపు కాళ్లలో సత్తువ ఉన్నంతకాలం ఏడాదికోసారి రంగు డబ్బా పట్టుకుని పోయి అవ్వ చీర అంచుకు ఎరుపు వేసి వచ్చేవాడు. ఆయన పోయాక ఆ దిక్కు ఎవరం పోలేదు. నేను బళ్లో పిల్లలకు చదువు చెప్పుకుంటూ ఉండిపోయాను, అవ్వ నా దగ్గరే సిద్దిపేటలో ఉంది. చూపు తగ్గి బీడీలు మానేసింది గానీ టీవీలో వార్తలు చదివేవాళ్లకు ఎదురు జవాబులు చెప్పడం మానలేదు. మొన్న మా వీధిలో ఒకామె ప్లాటు చూసి వచ్చి "మీ అవ్వకు గుడి కడ్తున్నరట!" అంది నవ్వుతూ. అవ్వ నవ్వలేదు. "పా, సూసొద్దాం" అని కర్ర అందుకుంది.

ఏనుగుకు కాళ్లు మాత్రమే మిగిలి ఉన్నాయి. నేతగాడి చేతులు విరిగి మగ్గం మీద పడ్డాయి. గీతగాడు చెట్టు మీదే ఉన్నాడు, చెట్టుకు తల లేదు. వాటన్నిటినీ జేసీబీతో ఎత్తేస్తారట, కట్టినవాడు ఎవరో ఏమిటో ఎవరికీ అక్కర్లేదు. అవ్వనొక్కదాన్నే ఉంచారు. చుట్టూ సున్నం గీతలతో ప్లాట్లు, ముందు గుడి ఉంటే ప్లాట్లు తొందరగా పోతాయట. చాటలోని సిమెంటు బీడీలను పగలగొట్టి అక్కడ పూలు పోశారు. భుజాల నుంచి కొత్త చేతుల కోసం సలాకలు పొడుచుకొచ్చి ఉన్నాయి. అప్పుడు బతికున్న మనిషికి బొమ్మేమిటని మొహం తీసెయ్యమన్నారు. ఇప్పుడు దేవతకు మచ్చలేమిటని మొహం మెత్తుతున్నారు. నాకు ఈ రెండింటికీ తేడా కనబడలేదు. వాళ్లకు మా అవ్వ ఎట్లా ఉన్నా ఫరవాలేదు, తనలాగా మాత్రం ఉండకూడదు. స్టూడియోలో పెన్సిలు, నాడు ఉలి, ఇవాళ పుట్టీ. నేను మాత్రం ఊరుకునేది లేదని అవ్వకని వేయించిన కుర్చీలో పరంజి కాళ్లకు అడ్డంగా కూర్చున్నాను.

ఇంతలో కొబ్బరికాయ పట్టుకుని ఒకావిడ వచ్చింది. బొమ్మకు దణ్ణం పెట్టి, తిరగబోతూ అవ్వను చూసి ఆగింది. పైకి చూసింది, మళ్లీ అవ్వ మొహం చూసింది. గబుక్కున వంగి అవ్వ కాళ్లు పట్టుకోబోయింది. అవ్వ ఆమె చెయ్యి పట్టి లేపి, "నాకు మొక్కకు బిడ్డా. నేను బీడీలు చేస్కోని బతికినదాన్ని. నువ్వు తల్లికి మొక్కినవ్, తల్లికే ముడ్తది, పో" అని మెల్లగా చెప్పింది. మేనేజరు మొహంలో మర్యాద అప్పుడు కొంచెం చెదిరింది.

"అవ్వా, నువ్వన్నది నిజమే అనుకుందాం. గని అమ్మవారికి మచ్చలుంటయా? జనం మొక్కాలె గద" అన్నాడు.

"గీ మచ్చలు ఇచ్చిందే అమ్మవారు. ఇచ్చినామెకు లేని సిగ్గు నీకెందుకు కొడుకా?" అంది అవ్వ.

ఆయన ఓనరుతో మాట్లాడాలని ఫోను పట్టుకుని దూరంగా నడిచాడు. పైన మేస్త్రికి ఇవేవీ పట్టలేదు. నుదురు అయిపోయి కుడి చెంపకు వచ్చాడు. పుట్టీ గీరుతున్న చప్పుడు కింద మాకు వినిపిస్తోంది. నేను కేక వెయ్యబోయాను. అవ్వ నన్ను ఆపి, ఎండకు తల మీద కప్పుకున్న కొంగు వెనక్కి తీసేసింది. మొహం పైకెత్తింది.

"ఓ మేస్త్రీ! మొత్తం పూయకు బిడ్డా, జర గిన్నెల ఉంచు. ఆమెకు అయినంక దిగొచ్చి నాగ్గూడ పుయ్యి."

మేస్త్రి వంగి చూశాడు. నడివయసు మనిషి, చెవుల మీద తెల్లగా పుట్టీ పొడి. కింది మొహం చూసి, చేతికింద ఉన్న మొహం చూసి, గీరడం ఆపేశాడు. దూరం నుంచి మేనేజరు ఫోను చెవికి పెట్టుకునే "ఏందన్నా, ఎందుకాపినవ్?" అని అరిచాడు. మేస్త్రి గిన్నెను పరంజి మీద బోర్లించి, తడి ఆరకముందే, నింపిన గుంతల్లోంచి పుట్టీని బొటనవేలితో ఒక్కొక్కటిగా తోడెయ్యడం మొదలుపెట్టాడు. తెల్లటి పెళ్లలు మా చెప్పుల మీద రాలుతున్నాయి.

అవ్వ మొహం పైకెత్తి ఉంచి, తన కంటి కింద వేలు పెట్టి చూపించింది. "గీడ. గీడ ఇంకొకటి ఉన్నది" అంది.